కంగారును పనిలోకి దింపడం ఎలా? గోదారి ఒడ్డున నేర్చుకున్న పద్ధతి

భద్రాచలంలో జూలై వచ్చిందంటే పలకరింపే మారిపోతుంది. కూరగాయల బండి దగ్గర ఎదురైన మనిషి "బాగున్నారా" అనదు, "ఎంతుందంట?" అంటుంది. గోదారి ఎన్ని అడుగులుందని ఆ ప్రశ్న. "నలభై ఒకటి దాటిందంట, పైన పేరూరు దగ్గర ఇంకా పెరుగుతోందంట" అని జవాబు వస్తే ఆమె బేరం కూడా ఆడకుండా ఇంటిదారి పడుతుంది. వెళ్లి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోదు. బియ్యం బస్తాను మంచం మీదికి ఎక్కిస్తుంది. పిల్లల సర్టిఫికెట్లున్న ట్రంకు పెట్టెను అటక మీద పెట్టిస్తుంది. కరెంటు పోకముందే ఫోన్ ఛార్జింగ్ పెడుతుంది.

నేను పుట్టింది, మెట్టింది ఈ ఊళ్లోనే. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరినప్పుడు చిన్నపిల్లని. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఇద్దరు మగపిల్లల తల్లిని. ఇన్నేళ్లలో నాకు బాగా పట్టుకున్న సందేహం ఒకటుంది. గోదారి పొంగితే ఇంత నిబ్బరంగా ఆలోచించే మేమే, పిల్లాడి మార్కులు తగ్గినా, షుగర్ రిపోర్టు తేడాగా వచ్చినా, ఇంట్లో డబ్బు అయిపోతున్నా ఎందుకు అంతలా డీలా పడిపోతాం? ఒకే ఆలోచనను రాత్రంతా తిరగేస్తాం, తెల్లారేసరికి ఒళ్లు అలిసిపోతుంది, పని మాత్రం అంగుళం కదలదు.

వరద విషయంలో చేసేదే మిగతా విషయాల్లోనూ చేయడం మొదలుపెట్టాక మా ఇంట్లో చాలా మారింది. నిర్మాణాత్మక ఆలోచన అని పేపర్లలో రాస్తారు. నేను దాన్ని చేతికి పని చెప్పే ఆలోచన అనుకుంటాను. అది ఎలా అలవాటు చేసుకోవాలో మెట్టు మెట్టుగా చెప్తాను. కావలసినవి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, రోజుకు ఓ పావుగంట.

ముందు ఒక మాట: తీపి ఊహలు వేరు, ఇది వేరు

"పాజిటివ్‌గా ఆలోచించండి, అంతా మంచే జరుగుతుంది" అని చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ గోదారి పెరుగుతుంటే "ఈసారి మన వీధిలోకి రావులే" అని ధీమాగా పడుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోవడం నేను కళ్లారా చూశాను. 1986లో మా వెనక వీధిలో ఒక కుటుంబం అలాగే అనుకుని, చివరికి పిల్లలతో డాబా ఎక్కి రెండు రాత్రులు గడిపింది.

దీని మీద పరిశోధన కూడా ఉంది. గాబ్రియెల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటి పరిశోధకురాలితో కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి చదువు ముగించబోతున్న విద్యార్థుల మీద జరిగింది. ఉద్యోగం గురించి మీకు ఎలాంటి ఊహలు వస్తాయని వాళ్లను అడిగారు. రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తీపి కలలు ఎక్కువగా కన్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు. వాళ్లకు తక్కువ ఆఫర్లు వచ్చాయి, జీతాలూ తక్కువే. "నాకు ఉద్యోగం దొరికే అవకాశం బాగానే ఉంది" అని నమ్మినవాళ్లు మాత్రం ముందుకు వెళ్లారు. వినడానికి రెండూ ఒకటేలా ఉన్నా చాలా తేడా ఉంది. నమ్మకం మనిషిని దరఖాస్తు రాయడానికి కూర్చోబెడుతుంది. కల మాత్రం పని అప్పుడే అయిపోయినంత తృప్తినిచ్చి పడుకోబెడుతుంది.

అందుకే ఆలోచన మంచిదా చెడ్డదా, సంతోషంగా ఉందా దిగులుగా ఉందా అని నేను చూడను. ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది నా చేతికి ఏ పని చెబుతోంది? "నీళ్లు ఇంట్లోకి వస్తాయేమో" అన్నది దిగులే. కానీ బస్తా పైకెత్తిస్తుంది కాబట్టి పనికొచ్చే దిగులు. "అంతా ఆ రాముడే చూసుకుంటాడు" అన్నది ధైర్యమే. బస్తా నేల మీదే ఉండిపోతే ఆ ధైర్యంతో ఏం లాభం? మా అత్తమ్మ ప్రతి ఏడాదీ గోదారమ్మకు పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టుకుంటుంది. ఇంటికొచ్చి అదే చేత్తో ట్రంకు పెట్టె అటకెక్కిస్తుంది. భక్తికీ పనికీ మధ్య ఆమెకు ఏనాడూ తగాదా లేదు.

మొదటి మెట్టు: ఒళ్లు కుదుటపడనివ్వండి

చెడ్డ వార్త విన్న వెంటనే ఆలోచించకండి. ముందు మంచినీళ్లు తాగండి, ఏదైనా తినండి. చీకటి పడ్డాక విన్న వార్త అయితే ప్రాణం మీదికి వచ్చిన విషయం తప్ప మిగతావన్నీ పొద్దుటికి వాయిదా వేయండి. ఖాళీ కడుపుతో, నిద్రలేని కళ్లతో చేసిన ఆలోచన ప్రతి చిన్నదాన్నీ కొండంత చేసి చూపిస్తుంది. మా ఇంట్లో రాత్రి పది దాటాక డబ్బు గురించి, పిల్లల చదువు గురించి మాట్లాడుకోకూడదని పెట్టుకున్నాం. ఈ ఒక్క కట్టుబాటు వల్లే సగం గొడవలు తగ్గాయి.

రెండో మెట్టు: జరిగింది ఒకవైపు, అనుకుంటున్నది ఒకవైపు రాయండి

అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా పరిష్కారాల్లోకి దూకుతారు.

1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు కుంగుబాటుతో వచ్చేవాళ్లను చూసేవారు. వాళ్లు పైకి మాట్లాడే మాటల వెనక, వాళ్లకే తెలియకుండా మరో మాటల ప్రవాహం నడుస్తోందని ఆయన గమనించారు. "నేను పనికిరానివాణ్ని", "నన్ను ఎవరూ పట్టించుకోరు" లాంటి వాక్యాలు చటుక్కున వచ్చిపోతుంటాయి. వాటిని మనం ఆలోచనలని గుర్తించం, నిజాలనుకుంటాం. వాటిని బయటికి తీసి, నిజమా కాదా అని సాక్ష్యం అడగడమే ఆయన పద్ధతికి పునాది. ఈనాడు సైకాలజిస్టులు వాడే కాగ్నిటివ్ థెరపీ అక్కణ్నుంచే వచ్చింది.

మేము దాన్ని ఎలా వాడామో చెప్తాను. మా ఆయనకు దిగువ వీధిలో చిన్న బట్టల కొట్టు ఉండేది. 2022 వరద తగ్గాక షట్టర్ ఎత్తితే లోపల మోకాలి లోతు బురద. ఆయన గడప మీద కూలబడి "అంతా పోయింది, ఇక మన పని అయిపోయింది" అన్నారు. ఆ రోజు నేనేమీ అనలేదు. మర్నాడు పొద్దున టీ తాగాక నోటు పుస్తకంలో నిలువుగా గీత గీశాను. ఎడమవైపు జరిగింది, కుడివైపు మనం అనుకుంటున్నది.

కుడివైపు రాయడం తేలిక. అంతా పోయింది, ఇక లేవలేం, అప్పులవాళ్లు మీద పడతారు, పిల్లల చదువు ఆగిపోతుంది. ఎడమవైపు రాయాలంటే కొట్లోకి దిగి లెక్కపెట్టాలి. లెక్కపెడితే తేలిందేమిటి? కింది రెండు అరల సరుకు పూర్తిగా పోయింది. మూడో అర సగం తడిసింది. పై రెండు అరలు పొడిగా ఉన్నాయి. కుట్టు మిషన్ మోటారు తడిసింది. అప్పు ఇద్దరికి కట్టాలి, ఒకరికి దసరా దాకా గడువుంది. బురద ఎత్తడానికి మూడు రోజులు పడుతుంది.

గమనించండి, ఎడమవైపు కూడా బాధే రాసి ఉంది. ఏదీ తక్కువ చేసి రాయలేదు. కానీ ఆ బాధకు కొలతలున్నాయి. "అంతా పోయింది" అన్న మాటతో చేయగలిగింది ఏమీ లేదు. "మూడో అర సగం తడిసింది" అంటే ఇవాళే ఉతికి ఆరేయాలని పని పుడుతుంది. బురద మరక ఆరితే మళ్లీ వదలదు.

ఎడమవైపు రాసేటప్పుడు ఒక చిన్న నియమం పెట్టుకోండి. ఫోటో తీయగలిగిందో, లెక్కపెట్టగలిగిందో, ఎవరైనా తమ నోటితో అన్నదో అయితేనే అక్కడ రాయాలి. "మా ఆడపడుచుకు నా మీద కోపం" అన్నది కుడివైపుకే వెళ్తుంది. "మొన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు, తిరిగి చేయలేదు" అన్నది ఎడమవైపు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫోన్ ఎత్తకపోవడానికి కోపం కాక ఇంకెన్ని కారణాలు ఉండొచ్చో మీకే తడుతుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

కుడివైపు "అంతా", "ఎప్పుడూ", "ఎవరూ", "ఇంతే" అనే మాటలు కనిపిస్తే కింద గీత గీయండి. సాధారణంగా అవే అబద్ధాలు. "వీడెప్పుడూ ఇంతే" అని రాస్తే, వాడు అలా చేయని ఒక్క రోజైనా గుర్తుచేసుకుని ఎదురుగా రాయండి. దొరక్కుండా పోదు.

మూడో మెట్టు: ప్రశ్న మార్చండి

వరద వచ్చిన మరుసటేడు, 2023 మే నెలలో, మా చిన్నోడు ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ 2బిలో తప్పాడు. 75కు 19 వచ్చాయి. పాస్ కావాలంటే 26 కావాలి. రిజల్టు చూసిన రోజు ఇంట్లో వినిపించిన ప్రశ్నలు ఇవి: "ఎందుకిలా చేశావు?", "మాకే ఎందుకిలా జరుగుతోంది?", "అందరి పిల్లలూ పాసైతే వీడికేమైంది?"

ఇవి ప్రశ్నల్లా వినపడతాయి కానీ ప్రశ్నలు కావు. జవాబు కోసం ఎవరూ అడగరు. "ఎందుకు చేశావు" అంటే పిల్లాడు తల దించుకోవడం తప్ప ఏం చెప్పగలడు? "ఎందుకు" స్థానంలో "ఎక్కడ", "ఎంత", "ఏది", "ఎప్పటిలోగా" పెట్టి చూడండి.

ఏడు మార్కులు ఎక్కడ పోయాయి? మర్నాడు ఈ ప్రశ్న అడిగాక వాడు మొదటిసారి తలెత్తాడు. ప్రశ్నపత్రం తీసుకొచ్చాడు. అందులో రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు రాయాలి. అంటే తగ్గింది ఒకే ఒక్క పెద్ద ప్రశ్న! వాడు వృత్తాల చాప్టర్ నుంచి వచ్చినవి బాగానే రాశాడు. సమాకలనం, అవకలన సమీకరణాలు అసలు ముట్టుకోలేదు. ఆ పాఠాలు జరిగిన రోజుల్లో జ్వరమొచ్చి కాలేజీకి వెళ్లలేదు. తర్వాత సిగ్గుపడి ఎవర్నీ అడగలేదు. పొద్దున "చదువు రాని పిల్లాడు" అనుకున్నవాడు, సాయంత్రానికి "రెండు చాప్టర్లు రాని పిల్లాడు" అయ్యాడు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ జూన్‌లో. నెల రోజులుంది. రెండు చాప్టర్లకు నెల రోజులు ఎక్కువే.

రీకౌంటింగ్ పెట్టాలా, రీవెరిఫికేషన్ పెట్టాలా అన్న మాట కూడా వచ్చింది. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల కూడిక మళ్లీ చూస్తారు. రీవెరిఫికేషన్ అయితే జవాబు పత్రం మళ్లీ పరిశీలించి స్కాన్ కాపీ ఇస్తారు. గడువు తక్కువగా ఉంటుంది కాబట్టి ఇలాంటివి వెంటనే తేల్చుకోవాలి. బాగా రాశానన్న నమ్మకం ఉన్నవాళ్లు తప్పక పెట్టాలి. వాడు ఆ రెండు చాప్టర్లు రాయనే లేదని వాడికే తెలుసు కాబట్టి మేం పెట్టలేదు.

నాలుగో మెట్టు: మూడు కుప్పలు పోయండి

ఎడమవైపు రాసుకున్న ఒక్కో విషయాన్ని మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయండి. నా చేతిలో ఉన్నది. నేను అడిగితే వేరేవాళ్లు చేయగలిగింది. ఎవరి చేతిలోనూ లేనిది.

మూడో కుప్పలో వేయడానికి మనసొప్పదు. కానీ గోదారి దగ్గర బతికేవాళ్లకు ఇది తెలుసు. నదిని ఎవరూ ఆపలేరు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట కూడా నదిని ఆపే గోడ కాదు. మట్టాన్ని కొంత పైకి లేపి, సముద్రంలోకి పోయే నీటిని కాలువల్లోకి మళ్లించే కట్ట. వరదొస్తే నీళ్లు దాని మీదుగా పోతూనే ఉండేవి. ఆపలేనిదాన్ని వదిలేసి, మళ్లించగలిగినదాన్ని మళ్లించడంతోనే గోదావరి డెల్టా పచ్చబడింది. ఆ పక్కకు వెళ్లినప్పుడల్లా కాలువ గట్ల మీద నాకు ఈ ఆలోచనే వస్తుంది.

రెండో కుప్పను చాలామంది మర్చిపోతారు. మొహమాటం అడ్డొస్తుంది. మా చిన్నోడి విషయంలో పక్క వీధిలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారిని అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అడిగితే ఆయన "ఇంత చిన్న విషయానికి ఇంతసేపు ఎందుకమ్మా ఆగావు, రేపట్నుంచి పొద్దున ఆరింటికి పంపు" అన్నారు. మీ రెండో కుప్పలో ప్రతి విషయం పక్కన ఒక మనిషి పేరు, ఏ రోజు అడుగుతారో రాయండి. పేరు లేకపోతే అది అడగడం జరగదు.

ఐదో మెట్టు: మీ 43, 48, 53 ముందే రాసుకోండి

నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇదే. మిగతా మెట్లన్నీ కష్టం వచ్చాక పనికొచ్చేవి. ఇది రాకముందే చేసుకునేది.

భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48కి రెండోది, 53కి మూడోది. ఒక్కో హెచ్చరికకు ఎవరేం చేయాలో ముందే ఖాయం చేసి ఉంటుంది. పడవలు ఎక్కడ ఉండాలి, లోతట్టు కాలనీల వాళ్లను ఏ పునరావాస కేంద్రానికి చేర్చాలి అనేవన్నీ ఎండాకాలంలో, పొడి నేల మీద కూర్చుని, చల్లటి తలతో నిర్ణయిస్తారు. నీళ్లొచ్చాక నిర్ణయించడం ఉండదు, అమలు చేయడమే. 43 వచ్చిందా లేదా అన్నదాని మీద వాదన కూడా ఉండదు. అంకె చెప్పేస్తుంది.

ఇంటి విషయాల్లో మనకు లేనిది సరిగ్గా ఇదే. డబ్బు తగ్గుతోందని తెలుస్తూనే ఉంటుంది, ఎంత తగ్గితే ఏం చేయాలో అనుకుని ఉండం. మెడ దాకా వచ్చాక కంగారులో ఎవరో ఒకరి దగ్గర ఎంత వడ్డీకైనా తీసుకుంటాం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటాం.

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ముందస్తు నిర్ణయాల మీద చాలా ఏళ్లు పనిచేసి 1999లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. "వ్యాయామం చేయాలి" అనుకోవడం కంటే "సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులేసుకుని బయటికి వెళ్తాను" అని "ఇది జరిగితే, ఇది చేస్తాను" రూపంలో అనుకుంటే ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని ఆయన చెప్పారు. ఆ సమయం రాగానే మళ్లీ ఆలోచించే పని ఉండదు కదా.

మా ఇంట్లో గోడకు అంటించిన కాగితంలో రెండు విషయాలకు హెచ్చరికలు రాసి ఉన్నాయి.

డబ్బు. బ్యాంకులో మూడు నెలల ఇంటి ఖర్చు కంటే తక్కువ ఉంటే మొదటి హెచ్చరిక: కొత్త ఈఎంఐ, కొత్త చీటీ వేయకూడదు, శుభకార్యాలకు పెట్టుపోతలు తగ్గించాలి. రెండు నెలలకు దిగితే రెండో హెచ్చరిక: నేను కుట్టే జాకెట్ల పని పెంచుకోవాలి, పాత బాకీలు అడగాలి, పిల్లలకు కూడా విషయం చెప్పాలి. నెల ఖర్చుకు దిగితే మూడోది: అప్పిచ్చినవాళ్ల దగ్గరికి గడువు దాటకముందే మనమే వెళ్లి మాట్లాడాలి. తప్పకపోతే నా గాజులు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకోవాలి, బయట మూడు రూపాయల వడ్డీకి మాత్రం పోకూడదు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు వడ్డీ దీంట్లో సగం కూడా ఉండదు. కంగారులో ఉన్న మనిషికి ఈ లెక్క గుర్తుకు రాదు. అందుకే గోడ మీద ఉంది.

ఆరోగ్యం. మా ఆయనకు మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 వరకు షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 నుంచి షుగర్ ఉన్నట్టు లెక్క. డాక్టరు గారిని అడిగి మేము మూడు గీతలు గీసుకున్నాం. 5.7 దాటితే రోజూ అరగంట నడక, పంచదార టీ మానేయడం. 6.0 దాటితే రాత్రి అన్నం సగానికి తగ్గించి కూర పెంచడం, మూడు నెలలకోసారి పరీక్ష. 6.5 వస్తే మందులు మొదలుపెట్టడానికి "ఇంకో నెల చూద్దాం" అనకూడదు, కళ్ల పరీక్ష, మూత్రపిండాల పరీక్ష వెంటనే చేయించాలి. మీ గీతలు మీ డాక్టరుతో మాట్లాడే గీసుకోండి, వయసును బట్టి, ఉన్న జబ్బులను బట్టి మారతాయి.

అంకె దొరకని విషయాలూ ఉంటాయి. భార్యాభర్తల మధ్య మాటలు తగ్గడం, ముసలివాళ్లు ఒంటరిగా అనుకోవడం లాంటివి. వాటికి కూడా కంటికి కనిపించే గుర్తు ఒకటి పెట్టుకోవచ్చు. మా అమ్మ వరుసగా రెండు రోజులు తనంతట తాను ఫోన్ చేయకపోతే మూడో రోజు నేను వెళ్తాను. కారణం అడగను. వెళ్తాను.

ఆరో మెట్టు: చింతకు ఒక వేళ కేటాయించండి

ఇన్ని చేసినా మనసు ఊరుకోదు. అన్నం వడ్డిస్తుంటే గుర్తొస్తుంది, నిద్ర పట్టేలోగా గుర్తొస్తుంది. "ఆలోచించకు" అని మనసుతో చెప్తే అది రెట్టింపు ఆలోచిస్తుంది. థామస్ బోర్కోవెక్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు 1983లో ఒక ఉపాయం ప్రచురించారు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు అరగంట చింతకే కేటాయించాలి. మిగతా సమయంలో చింత వస్తే "నీ వేళ ఇంకా కాలేదు" అని పక్కన పెట్టాలి. నేను సాయంత్రం ఐదున్నరకు వెనక వసారాలో కూర్చుంటాను. అరగంట కాదు, పావుగంటే. పగలు గుర్తొచ్చినవి ఒక్కో ముక్క చీటీ మీద రాసి పెట్టుకుంటాను. ఐదున్నరకు ఆ చీటీలు విప్పితే సగం వాటికి విలువే ఉండదు. మిగతా సగానికి రెండో మెట్టు నుంచి మొదలుపెడతాను. పడుకునే ముందు వేళ మాత్రం పెట్టుకోకండి.

ఏడో మెట్టు: ఇంట్లోవాళ్లతో మాట తీరు

ఇంత పద్ధతిగా ఆలోచించి, ఎదుటి మనిషి మీద దాన్ని పాఠంలా రుద్దితే చెడుతుంది. బాధలో ఉన్నవాళ్ల ముందు నోటు పుస్తకం తీయకండి. రిజల్టు వచ్చిన రోజు రాత్రి చిన్నోడు అన్నం ముందు కూర్చుని కలపకుండా అలాగే ఉన్నాడు.

"అమ్మా, నాన్న నాతో మాట్లాడట్లేదు."

"నాన్న బాధలో ఉన్నార్రా. నీ మీద కోపం కాదు."

"నేనింక చదవనమ్మా."

"సరే. ఆ సంగతి రేపు చూద్దాం. పెరుగు వేయనా?"

అంతకుమించి ఆ రాత్రి ఏమీ అనలేదు. మా ఆయనతో విడిగా చెప్పాను, "మీరు వాడి పక్కన పడుకోండి, ఏమీ అడగొద్దు" అని. రిజల్టు వచ్చిన రోజుల్లో పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. ఇది నేను చేతులు జోడించి చెప్పే మాట. ఏడు మార్కుల కోసం తిట్టడానికి ఏడాదంతా ఉంటుంది, ఆ ఒక్క రాత్రి మాత్రం పక్కన ఉండండి.

మాట్లాడే వేళ వచ్చాక, సలహా కంటే ముందు విన్నది తిరిగి చెప్పండి. "నీకు సిగ్గుగా ఉంది, అందుకే మాస్టారిని అడగలేకపోయావు, అంతేనా?" అంటే వాడు అవునో కాదో చెప్తాడు. అక్కణ్నుంచి దారి తెరుచుకుంటుంది.

ఈ పద్ధతి సరిపోని చోట్లు

చావు ఇంట్లో ఈ మెట్లేవీ వద్దు. దుఃఖం తీరే దాకా ఏడవనివ్వాలి, దానికి పరిష్కారం వెతకడం తప్పు.

ఎవరైనా మనల్ని కొడుతున్నా, మోసం చేస్తున్నా, జీతం ఎగ్గొడుతున్నా "నేను ఎలా సర్దుకోవాలి" అన్న ప్రశ్న వేసుకోకూడదు. అక్కడ చేతికి పని అంటే సాక్ష్యం దాచుకోవడం, నలుగురికి చెప్పడం, ఫిర్యాదు ఇవ్వడం.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేక, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే అది ఆలోచన తీరుతో సర్దుకునేది కాకపోవచ్చు. కుంగుబాటు జబ్బు, దానికి వైద్యం ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ సేవ మొదలుపెట్టింది. 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కూడా మా గోడ మీది కాగితంలో ఉంది, అన్నిటికంటే పైన.

మా లెక్కలు కూడా చెప్పేస్తాను. చిన్నోడు జూన్‌లో మ్యాథ్స్ పాసయ్యాడు. కొట్టు సంగతి అంత తేలిగ్గా తేలలేదు. పై అరల సరుకు అమ్ముకుని బాకీలు తీర్చేసరికి ఏడాదిన్నర పట్టింది. దిగువ వీధి కొట్టు వదిలేశాం. ఇప్పుడు మెరక మీద, సగం వైశాల్యంలో ఉన్న చిన్న గదిలో నడుపుతున్నాం. కొత్త కొట్లో కింది అర నేలకు మూడడుగుల పైన కట్టించాం. తలుపు పక్కన గోడ మీద సుద్దతో మూడు గీతలు గీసి, ఒక్కోదాని పక్కన ఏ అర సరుకు ముందు ఎత్తాలో మా ఆయన తన చేత్తో రాశారు.